వాదమర్యాద: గ్రాంథిక వ్యావహారిక వివాదము

'వాదము' అను పదము శాస్త్రములందు తత్త్వనిర్ణయమునకై యిరువురు కలిసి చేయు విచారణమునకు పేరు. తెలుగున నది 'వాదు'గా మారి, 'వాదులాట'గా సాగి, కయ్యమునకు దాదాపు పర్యాయపదమైనది. ఒకనితో వాదు పెట్టుకొనుట యనగా వానితో జగడమాడుట యనియే లోకము గ్రహించును. 'వితండ' యను పారిభాషికపదము మొండితనమునకును, 'జల్పము' వదరుబోతుతనమునకును వాడుకలో చెల్లుచున్నవి. శాస్త్రపదములు లోకవ్యవహారమున నర్థభేదమును పొందుట వింత కాదు. కాని మూడు వేర్వేరు వ్యాపారములను తెలుపు మూడు పదములును ఒకే దిక్కునకు జారుట భాషాచరిత్రకారునకే గాక విమర్శకునకు కూడ నాలోచింపదగిన విషయము.

'మర్యాద' యను పదమునకును ఇట్టి గతియే పట్టినది. మర్యాద యనగా మొదట హద్దు. నేడు మర్యాద యనగా మెత్తని మాట, గౌరవవాచకము, పేరు చివర 'గారు'. కావున వాదమర్యాద యనినంతనే పరుషముగా మాటలాడకుండుట యని మాత్రమే తోచును. మన శాస్త్రకారులు దీని నిట్లు తలపలేదు. వారు గీచిన హద్దులలో మృదుభాషణ మొకటి. అదియు ముఖ్యమైనది కాదు. ఈ విషయమును మన సాహిత్యచరిత్రమున మిక్కిలి పెద్దదియు, మిక్కిలి దీర్ఘమైనదియు నగు నొక వివాదమున కన్వయించి చూచుట యీ వ్యాసమున నా యుద్దేశము.

గౌతముని న్యాయసూత్రములు కథను మూడు విధములుగా విభజించినవి. ప్రమాణతర్కములతో స్వపక్షమును సాధించి పరపక్షమును ఖండించుచు, తన సిద్ధాంతమునకు విరోధము రాకుండ జరుపునది వాదము. గెలుపే ప్రయోజనముగా, ఛల జాతి నిగ్రహస్థానములను కూడ నాయుధములుగా గైకొని జరుపునది జల్పము. తనకొక పక్షమును స్థాపించుకొనక యెదుటివాని పక్షమును కూల్చుట మాత్రమే పనిగా పెట్టుకొన్నది వితండ. ఇందు గమనింపదగిన దేమనగా, జల్పవితండలను గౌతముడు నిషేధింపలేదు. మొలకను పశువులు మేయకుండ ముండ్లకంప నడ్డము పెట్టునట్లు, నిర్ణీతమైన తత్త్వమును కాపాడుకొనుటకు వీనిని వాడుకొనవచ్చు నని యతని యభిప్రాయము. బౌద్ధుడగు ధర్మకీర్తి వాదన్యాయమున దీని నొప్పుకొనలేదు. సత్యరక్షణ మను పేర ఛలము చెల్లినచో చెంపపెట్టును, ఆయుధమును కూడ చెల్లవలసివచ్చు నని యతని యాక్షేపము. నాకు ధర్మకీర్తి మాటయే బలవత్తరముగా తోచును. ముండ్లకంప వేసినవాడు మొలకను మరచి కంపనే పెంచుకొనుట మనము తరచుగా చూచుచున్నదే.

న్యాయశాస్త్రమున చెప్పిన యిరువదిరెండు నిగ్రహస్థానములు, అనగా వాది యోడినట్లు పరిగణింపబడు సందర్భములు, కొన్ని మిక్కిలి సాంకేతికములు. వాని నన్నిటిని వివరించుట కిచట పని లేదు. కొన్ని మాత్రము నేటి యే వాదమునందైనను కన్నులకు గట్టును. అడిగినదానిని వదలి సంబంధము లేనిదానిని చెప్పుట అర్థాంతరము. పని యున్నదను నెపమున మధ్యలో లేచిపోవుట విక్షేపము. తన పక్షమున చూపబడిన దోషమును పరిహరింపక, నీ పక్షమునను ఆ దోషమే కలదని యనుట మతానుజ్ఞ. అనగా ఎదుటివానిని తప్పుపట్టబోయి తన తప్పు నొప్పుకొనుట. ముమ్మారు చెప్పినను సభకును ప్రతివాదికిని బోధపడని విధమున పలుకుట అవిజ్ఞాతార్థము. పాఠకునకు లొంగని పరిభాషయే లోతునకు గుర్తని నమ్మెడి విమర్శకులు మనలో నేటికిని గలరు. గౌతముని సభలో వారికి దక్కునది పరాజయపత్రము.

వీనిలో నా దృష్టికి ప్రధానమైనది అననుభాషణము. ప్రతివాది చెప్పినదియు, సభ గ్రహించినదియు నగు మాటను తిరిగి చెప్పలేకపోవుట పరాజయహేతువని సూత్రకారుని నిర్ణయము. ఖండించుటకు ముందు ఖండింపబోవు పక్షమును సరిగా అనువదింపవలెను. పూర్వపక్షమును వ్రాసిన పిదపనే సిద్ధాంతమును వ్రాయు భాష్యకారుల సంప్రదాయమునకు మూల మిదియే. పూర్వపక్షమును పూర్వపక్షి కంటె బలముగా చెప్పుట మంచి భాష్యకారుని లక్షణముగా నెంచబడినది. ఇది యెదుటివానికి చేయు మర్యాద యనుట కంటె విషయమునకు చేయు మర్యాద యనుట సమంజసము.

వైద్యులు దీనిని మరియొక దెస నుండి చూచిరి. చరకసంహిత విమానస్థానము ఎనిమిదవ యధ్యాయమున వైద్యుడు వైద్యునితో జరుపదగిన సంభాషణము రెండు విధములని చెప్పబడినది. కలిసి మాటలాడునది సంధాయ సంభాష. తగవులాడునది విగృహ్య సంభాష. మొదటిది యెవనితో జరుపవలె ననగా, విద్య గలవాడు, కోపము లేనివాడు, అసూయ లేనివాడు, తాను నచ్చజెప్పగలవాడు, ఇతరులు చెప్పిన నచ్చుకొనగలవాడు అయినవానితో. అట్టివానితో నిస్సంకోచముగా మాటలాడవలెను, ఓడిపోదునేమో యని వెరవరాదు, గెలిచితినని పొంగరాదు, పదుగురిలో చెప్పుకొనరాదు. ఇక విగృహ్య సంభాష ప్రకరణమున సంహితాకారుడు దాపరికము లేక పలుకును. ప్రతివాది బలమును, సభ స్వభావమును ముందుగా పరీక్షింపవలె ననియు, శాస్త్రము రానివానిని దీర్ఘసూత్రపాఠముతో ముంచివేయవచ్చు ననియు ఉపాయములు చెప్పెను. చెప్పుచునే, కోపించినవాడు చేయరాని పనియు అనరాని మాటయు లేవని హెచ్చరించెను. వైద్యున కీ జాగ్రత్త యేల యన్న సమాధానము సులభము. వాదమున వైద్యుడు గెలిచి చికిత్స యోడినచో చచ్చునది రోగి. భాషావిషయమున చచ్చున దెవరో అంత స్పష్టముగా కనబడదు. కనుకనే మనకు కోప మెక్కువ.

సభలో బలాబలము లెట్లు ప్రవేశించునో మిళిందపన్హ గ్రంథమున నొక ప్రసంగము చక్కగా తెలుపును. యవనరాజగు మిళిందుడు వాదమునకు పిలువగా, నీవు పండితులు వాదించునట్లు వాదింతువేని సరే, రాజులు వాదించునట్లైన కాదని నాగసేనుడు బదులుచెప్పెను. పండితవాదమున చిక్కులు వేయుటయు విప్పుటయు నుండును, పట్టుబడుటయు నుండును; కాని కోపముండదు. రాజవాదమున నొప్పుకొననివానికి దండన. మన పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రమున వాదప్రకరణము పేరుగా నొక భాగమే కలదు. అందలి చందవోలు కథలో వాదము వధతోను, నేత్రోత్పాటనముతోను ముగియుట యెరిగినదే. శ్రీనాథుడు గౌడడిండిమభట్టు నోడించి కంచుఢక్కను పగులగొట్టించిన వృత్తాంతమునకు తెలుగువారిలో నెంత ప్రసిద్ధి కలదో చెప్ప బనిలేదు. పగిలిన ఢక్కను ఇన్ని శతాబ్దులుగా తలచుకొనుచున్నాము. ఆ సభలో నే విషయమును గూర్చి వాదము జరిగెనో అడుగువారు మాత్రము కనబడరు.

ముద్రణ వచ్చిన తరువాత వాదమునకు కొత్త చిక్కు లేర్పడినవి. సభలో ప్రతివాది యెదుట నుండును. అతని మాటను తప్పుగా అనువదించిన వెంటనే నిలువరించును, మధ్యస్థుడును నిలువరించును. పత్రికలో ప్రతివాది లేడు, మధ్యస్థుడు లేడు. చదువువారిలో పలువురు రెండవపక్షమును చూచియుండరు. కావున అననుభాషణము పరాజయహేతువు కాకపోగా విజయసాధనమైనది. కొక్కొండ వేంకటరత్నము పంతులుగారి ఆంధ్రభాషా సంజీవనికిని, 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ప్రారంభించిన వివేకవర్ధనికిని జరిగిన వివాదము దీనికి తొలి తార్కాణములలో నొకటి. ఒకరి పత్రికపేరునకు మరియొకరు 'హాస్య' శబ్దము తగిలించి హాస్యవర్ధని, హాస్యసంజీవని యని ప్రకటించుకొనిరి. ఇందు తెలుగు వ్యంగ్యరచనకు కలిగిన లాభమును నేను కాదనను. కాని స్త్రీవిద్యవంటి విషయమున కొక్కొండవారి పక్షమేమో, దాని హేతువులేవో నేటి విద్యార్థి నడిగిన చెప్పలేడు. వారు నిత్యవ్యవహారమున సైతము గ్రాంథికమే పలికెడివారను కథ మాత్రము చెప్పి నవ్వును. అవధానకవుల వివాదముల సంగతి యిచట నెత్తుకొనను. అందు పద్యము గెలిచినది, అది చాలును.

గ్రాంథిక వ్యావహారిక వివాదము వీని వంటిది కాదు. ఇందు బాలుర చదువు చిక్కుకొన్నది. 1906 ప్రాంతమున ఉత్తరకోస్తా జిల్లాల పాఠశాలల పరీక్షాధికారిగా నుండిన జె. ఏ. యేట్సు దొర, జనులు మాటలాడు తెలుగునకును పుస్తకములలోని తెలుగునకును నింత భేద మేలని ప్రశ్నించుట, గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు, గురజాడ అప్పారావుగారు, పి. టి. శ్రీనివాస అయ్యంగారు దానిని చేపట్టుట సుప్రసిద్ధము. 1911లో జయంతి రామయ్య పంతులుగారి పూనికతో మద్రాసున ఆంధ్ర సాహిత్య పరిషత్తు వెలసినది. 1913లో గిడుగువారు ఆధునికాంధ్రమును గూర్చి విజ్ఞాపనమును, రామయ్యగారు గ్రాంథికమునకు సమర్థనమును ప్రకటించిరి. విశ్వవిద్యాలయము వ్యాసరచనాభాషను నిర్ణయించుటకు నియమించిన సంఘమున గురజాడవారి పక్షమునకు ఆధిక్యము లభింపలేదు. 1914లో వెలువడిన వారి పత్రము అసమ్మతిపత్ర మగుట కిదియే హేతువు.

ఈ మూడు రచనలును ఆంగ్లమున నున్నవి. తెలుగు నెట్లు వ్రాయవలెనను వాదమును తెలుగున వ్రాయకపోవుటను కొందరు పరిహసింతురు. ఆ పరిహాసమున నాకు రుచి లేదు. తీర్పరులు విశ్వవిద్యాలయాధికారులు, వారిలో తెలుగు రానివారు నుండిరి. సభను పరీక్షించి మాటలాడవలెనను చరకుని సూత్రమునే యుభయులును పాటించిరి. అయితే దీని ఫల మొకటి గలదు. తెలుగు రానివారి యెదుట తెలుగు రూపములను గూర్చి వాదించునప్పుడు హేతువు కంటె పదముల ఛాయ యెక్కువ పనిచేయును. వివాదము దారితప్పిన చోటు నా యభిప్రాయమున నిదియే.

'గ్రామ్యము' అను పదమును చూడుడు. 1858 నాటి బాలవ్యాకరణమున చిన్నయసూరి యిచ్చిన నిర్వచనమున గ్రామ్యత్వము లక్షణవిరోధమే. పలుకువాని కులముతోను, ఊరితోను దానికి సంబంధము లేదు. నాటకమున నీచపాత్రల కుచితమైన భాష యనునది రెండవ యర్థము. వేదము వేంకటరాయశాస్త్రిగారు ప్రతాపరుద్రీయమున పాత్రోచితముగా దానిని ప్రయోగించి, గ్రామ్యభాషాప్రయోగ నిబంధనమున సమర్థించిరి. లోకమున మోటు, అసభ్యము అనునది మూడవ యర్థము. వ్యావహారికమున 'చేస్తున్నాడు', 'వచ్చింది' వంటి రూపములు బాలవ్యాకరణమునకు విరుద్ధములు కనుక గ్రామ్యములని మొదటి యర్థమున సాధించి, పామరభాషను పిల్లల కెట్లు నేర్పుదురని మూడవ యర్థమున రోత పుట్టించుట గ్రాంథికపక్షమున పలువురు నడచిన త్రోవ. ఇది కేవలము వాక్ఛలము. నవకంబలుడన్న మాటకు కొత్త కంబళి కలవాడని వక్త తలపగా, తొమ్మిది కంబళు లెక్కడివని యడుగు ఛలవాదికిని వీరికిని భేదము లేదు. గిడుగువారు మొదటినుండి యడిగినది శిష్టవ్యావహారికము, అనగా చదువుకొన్నవారు తమలో తాము మాటలాడు భాష. ఈ 'శిష్ట' శబ్దమును వదలి వారి పక్షమును అనువదించుట అననుభాషణము.

న్యాయము రెండు వైపుల తూగవలెను. వ్యావహారికపక్షమువారు గ్రాంథికమును 'మృతభాష' యనిరి. మృత మనగా నేడు పలుకబడనిది యని యర్థమైనచో ఆ మాట సత్యమే. కాని వినువారి చెవికి సోకునది బోధపడని దను నర్థము. భారతపద్యమును పురాణపఠనమున విని తలయూచిన పల్లెవానికి, హరికథలో కందమునకు కంట తడిపెట్టిన యిల్లాలికి ఆ భాష పలుకరానిదే గాని తెలియనిది కాదు. రామయ్యగారి ముఖ్యవాదము, మాండలికములు పలువిధములైనందున అన్ని సీమలకును సామాన్యమైన వ్రాతభాష యొకటి యుండవలె ననునది. దీనికి మృతశబ్దము సమాధానము కాదు. గ్రాంథికమునను ఏకరూపత లేదని చెప్పుట సమాధాన మగునా? ఆ మాటను రెండు విధముల వాడవచ్చును. మాలో భేదమున్ననేమి, మీలోను కలదని యన్నచో అది మతానుజ్ఞ. కవులలో రూపభేదము లున్నను వ్రాతభాష నశింపలేదు, కావున భేదము దోషమే కాదని యన్నచో అది సద్ధేతువు. గిడుగువారు పూర్వకవిప్రయోగములను కుప్పలుగా పోసినది చాలవరకు రెండవ ప్రయోజనమునకే యని నేను తలతును.

గిడుగువారి వాక్పారుష్యమును గూర్చి కొంత చెప్పక తప్పదు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము అను పేరులోనే వ్యంగ్యమున్నది. పండితుల గ్రంథములనుండియే గ్రాంథికమునకు విరుద్ధములైన ప్రయోగములనెత్తి చూపుట అందలి పద్ధతి. ఇది వ్యక్తిదూషణ మని నాటివారు నొచ్చుకొనిరి; నొచ్చుకొనుట సహజము. కాని హేతువును పరిశీలింపుడు. గ్రాంథికమును పిల్లలకు నేర్పవచ్చును, వారు నేర్వగలరు అనునది ప్రతిపక్షము. జీవితమంతయు దానినే సాధించిన పండితులు తప్పక వ్రాయలేనప్పుడు పదునైదేండ్ల బాలుడు వ్రాయగలడా యనునది ప్రశ్న. పండితుని దోషము ఇచట పండితుని నిందించుటకు కాక ప్రతిజ్ఞను పరీక్షించుటకు సాధనము. పైగా గిడుగువారు ఎదుటివారి వాక్యమును ముందు పెట్టి మాటలాడిరి. మాట కటువు, అనువాదము ఋజువు. దీనికి విపర్యయముగా, గౌరవవాచకములు గుప్పించుచు, 'మహాశయులు', 'విద్వద్వరేణ్యులు' అని సంబోధించుచు, వారనని మాటను వారిచే ననిపించి ఖండించిన వ్యాసములు మన పత్రికలలో నప్పుడును గలవు, ఇప్పుడును గలవు. రెంటిలో మర్యాద దాటినది రెండవదే. మొదటిదానిని చదివి ప్రతివాది కోపగించును, కాని బదులు చెప్పగలడు. రెండవదానికి బదులు చెప్పవలెనన్న తానా మాట అనలేదని నిరూపించుకొనుటకే యతని యాయువు చాలదు. గిడుగువారు హద్దు దాటిన చోట్లు లేవని కాదు. ఒకే పండితుని తప్పులను పట్టికలుగా పొడిగించినప్పుడు, పది చాలు చోట నూరు చూపినప్పుడు, అది హేతువు కాక శిక్ష యగును. (ఈ వ్యాసము వారు కాదన్న భాషాచ్ఛాయలో నున్నందున నా వాక్యములకును వారి పట్టికలో చోటు దొరకియుండును.)

విచిత్ర మేమనగా ఈ యిరుపక్షముల నాయకులకును ప్రమాణవిషయమున విరోధము లేదు. రామయ్యగారు శాసనపరిశోధకులు. గిడుగువారు శ్రీముఖలింగాలయ శాసనములను స్వయంకృషితో చదివినవారు. శాసనమున కానవచ్చు రూపము ఆనాటి వాడుకకు సాక్ష్యమని యిరువురును నమ్మిరి. ప్రమాణము సమాన మైనచో వాదమునకు భూమిక సిద్ధమైనట్లే. ఏ శతాబ్దిలో నే రూపము శాసనమున నున్నది, కావ్యమున నున్నది, రెంటికి నెడ మెంత అను ప్రశ్నను వారిరువురు కలిసి కూర్చుండి తీర్చియుండవచ్చును. అది సంధాయ సంభాషకు తగిన విషయము. కాని పరీక్షలకు తేదీలున్నవి, సంఘమునకు గడువున్నది, వోట్లు లెక్కింపవలసి యున్నది. విగృహ్య సంభాషయే మిగిలినది.

చరకుడు చెప్పిన 'నచ్చుకొనగలవాడు' అను లక్షణమున కీ వివాదమున నుదాహరణము వీరేశలింగము పంతులుగారు. చిన్నయసూరి విడిచిన విగ్రహసంధులను అదే గ్రాంథికమార్గమున పూరించిన వీరు, గద్యతిక్కన యనిపించుకొన్న వీరు, 1919లో వర్తమానవ్యావహారికాంధ్రభాషా ప్రవర్తక సమాజమునకు అధ్యక్షత వహించిరి, గిడుగువారు కార్యదర్శులు. అప్పటికి పంతులుగారికి డెబ్బదియేండ్లు. ఆ సంవత్సరము మే నెలలోనే కాలధర్మము నొందిరి. తాము వ్రాసిన గ్రంథరాశి యంతయు నొక భాషలో నుండగా వేరొక భాషను సమర్థించు సభకు పెద్దరికము వహించుట పరాజయముగా నెవరును లెక్కింపలేదు. ఇట్లు లెక్కింపకుండుట గిడుగువారి పక్షమున కనబడు ఉత్తమమర్యాద. మారినవానిని నిన్నటి మాటతో పొడువకుండుట సుకరము కాదు. అట్లు పొడిచినచో మరియొకడు మారుటకు వెనుకాడును.

తరువాతి కథ యెరిగినదే. పత్రికలు, నవలలు, తుదకు పాఠ్యపుస్తకములు, సిద్ధాంతగ్రంథములు వ్యావహారికమునకు మారినవి. గిడుగువారి జన్మదినమగు ఆగస్టు 29 తెలుగు భాషాదినోత్సవముగా జరుగుచున్నది. ఇందు విచారింపదగినది లేదు. విచారింపదగిన దొక్కటి. గురజాడవారి యసమ్మతిపత్రమును, గిడుగువారి లేఖలను, వ్యాసములను సంపుటములుగా చదువగలుగుచున్నాము. రామయ్యగారి సమర్థనము, పరిషత్పక్షమువారి రచనలు ఆ విధముగా ప్రచారమున లేవు. మన విద్యార్థులు గ్రాంథికవాదమును దాని ఖండనమునుండియే తెలిసికొనుచున్నారు. ఖండనమున నున్నదే పూర్వపక్షమని పరీక్షలో వ్రాయుచున్నారు. ఉభయపక్షముల పత్రములను ప్రకటనక్రమమున, ప్రశ్నకు వెంటనే సమాధానము వచ్చునట్లు, ఆంగ్లమున నున్నవానిని అనువదించి, ఒకే సంపుటముగా పరిష్కరించుట ఏ తెలుగు శాఖయైనను చేపట్టదగిన పని. 1913 నాటి రెండు పత్రములతో దాని నారంభింపవచ్చును.